ఆరో తరగతి అమ్మాయికి ఎవరి కథ చెబుతున్నాం?

మనవైపు 'కాన్వెంటు' అనే మాటకి అసలు అర్థం ఎప్పుడో పోయింది. కాన్వెంటు అంటే మఠకన్యలు ఉండే ఇల్లు. ఇప్పుడు వెంకటేశ్వరస్వామి పేరు పెట్టుకున్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి కూడా కాన్వెంటే. ఆ మాటకి అంత గిరాకీ తెచ్చింది మాత్రం సిస్టర్లు నడిపే కతోలిక బడులు. పిల్లని అక్కడ చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు మూడు సంగతులు అడుగుతారు. ఇంగ్లీషు వస్తుందా? క్రమశిక్షణ ఉంటుందా? ఆడపిల్లకి భద్రత ఉంటుందా? లెక్కలూ సైన్సూ ఏ బడిలోనైనా సిలబస్సు ప్రకారమే నడుస్తాయి. ఆ సిలబస్సుకి బయట ఉండే ఒక పీరియడులో ఏం నేర్పుతున్నారని అడిగేవాళ్ళు తక్కువ. ఆ పీరియడు మనం పట్టించుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

6, 7, 8 తరగతులంటే పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ వయసు. పిల్ల పెద్దమనిషయ్యే వయసు. ఇంట్లో ఆంక్షలు మొదలయ్యేదీ, బస్సులో, ట్యూషన్లో, బంధువుల ఇళ్ళలో వేధింపులు మొదలయ్యేదీ అప్పుడే. సరిగ్గా ఈ తరగతుల్లో చాలా కతోలిక బడుల్లో వారానికి ఒకటి రెండుసార్లు క్లాసు రెండుగా విడిపోతుంది. కతోలిక పిల్లలు సత్యోపదేశానికి వెళ్తారు, మిగతావాళ్ళకి మోరల్ సైన్సు చెబుతారు. ఈ విభజనలో తప్పేమీ లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో, సంరక్షకుల సమ్మతి లేకుండా ఏ బిడ్డనీ మతబోధకి కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఒక గదిలో పది ఆజ్ఞలు, దివ్యసంస్కారాలు, పునీతుల చరిత్రలు నేర్పుతారు. రెండో గదిలో నిజాయితీ, శుభ్రత, సాటివారికి సాయం గురించి చెబుతారు. ఈ రెండు గదులూ కలిసే చోటు ఒకటుంది. అది విధేయత. ఆడపిల్లకైతే దానికి తోడు అణకువ.

ఈ పాఠాలతో పాటు పుస్తకంలో లేని పాఠం ఒకటి ఆ ఆవరణలోనే నడుస్తుంటుంది. నెదర్లాండ్స్ నుంచి జె.ఎమ్.జె. సిస్టర్లు గుంటూరు వచ్చింది 1904లో. ఆడపిల్లకి చదువేమిటని అడిగే రోజుల్లో ఆడవాళ్ళే బడులు కట్టారు, హాస్టళ్ళు నడిపారు, ఆస్పత్రులు పెట్టారు. ఇవాళ్టికీ కాన్వెంటు బడిలో పిల్ల రోజూ చూసేది పెళ్ళి చేసుకోని, మొగుడి పేరు అక్కర్లేని, జమాఖర్చులు చూసుకునే, మేస్త్రీతో బేరమాడే, డి.ఇ.ఓ. ఆఫీసులో గట్టిగా మాట్లాడి పని చేయించుకునే ఆడవాళ్ళని. మన ఊళ్ళలో ఆడపిల్లలకి ఇంకెక్కడా దొరకని దృశ్యమిది. దీని విలువని తక్కువ చేసి మాట్లాడకూడదు.

అయితే పండగనాడు పీఠం దగ్గర పూజ చేసేది ఫాదరే. స్త్రీలకి గురుపట్టం ఇచ్చే అధికారం శ్రీసభకి లేదని రెండో జాన్ పాల్ పోపు 1994లో ఖరారుగా చెప్పేశారు. పూజలో పఠనాలు చదివే, పీఠం దగ్గర సేవ చేసే పదవులు స్త్రీలకి అధికారికంగా దక్కడానికి 2021 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. కష్టమంతా చేసేదెవరో, ఆఖరి మాట ఎవరిదో పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చూసి నేర్చుకుంటుంది.

ఇక పునీతుల చరిత్రల సంగతి. ఈ వయసు ఆడపిల్లలకి చెప్పే కథల్లో మరియ గొరెట్టి కథ ముఖ్యమైనది. ఆమె పండగ జూలై 6న, అంటే బడులు తెరిచిన కొద్ది వారాలకే వస్తుంది. ఇటలీలో 1890లో పుట్టిన పేద పిల్ల. పొరుగు యువకుడు బలాత్కారానికి ఒడిగడితే లొంగలేదు. పద్నాలుగు కత్తిపోట్లు పొడిచాడు. మర్నాడు, 1902 జూలై 6న, అతన్ని క్షమించి చనిపోయింది. అప్పటికి ఆమెకి పదకొండేళ్ళు. మన ఆరో తరగతి పిల్ల వయసు. 1950లో ఆమెని పునీతురాలిగా ప్రకటించారు. ప్రాణం పోయినా పవిత్రత పోగొట్టుకోలేదు, మీరూ అలా ఉండాలి అనేది ఈ కథకి మామూలుగా చెప్పే నీతి.

ఆ కథ విన్న ముప్ఫై మంది పిల్లల్లో ఒకమ్మాయిని ఇంట్లో మేనమామో, ట్యూషను మాస్టారో ఇప్పటికే వేధిస్తున్నాడనుకుందాం. ఆమెకి ఆ పీరియడులో ఏం అర్థమవుతుంది? మంచిపిల్ల అయితే చచ్చిపోయి ఉండాలి, నేను బతికే ఉన్నాను కాబట్టి మంచిదాన్ని కాను అని అర్థమవుతుంది. ఇది ఒక్క కతోలికుల జబ్బు కాదు. మానం పోతే ప్రాణం పోయినట్టేనని మన ఇళ్ళలో అమ్మమ్మలూ చెప్పారు, మన సినిమాలూ చెప్పాయి. చివరికి న్యాయస్థానాలూ అదే చెప్పాయి. మథుర కేసులో ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదని సుప్రీంకోర్టు పోలీసులని వదిలేసింది. దాని మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు బహిరంగ లేఖ రాయడం, దేశమంతా మహిళా సంఘాలు వీధుల్లోకి రావడం మన ఉద్యమ చరిత్రలో భాగం. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలో స్పష్టంగా రాయించుకోవడానికి 2013 దాకా పట్టింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల విషయంలో అసలు సమ్మతి అన్న ప్రశ్నే లేదని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. చట్టం ఇంత దూరం వచ్చింది. ఆ పీరియడు మాత్రం వెనకే ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే మరియ కథలోనే వేరే పాఠం ఉంది. వాళ్ళది భూమి లేని కౌలు కుటుంబం. తండ్రి 1900లో మలేరియాతో పోయాడు. తల్లి పొలానికి వెళ్తే వంటపనీ, చంటిపిల్ల ఆలనా ఈ పిల్ల మీదే పడ్డాయి. ఆ యువకుడి కుటుంబమూ అదే ఇంట్లో కాపురం. అతను అంతకు ముందు కూడా ఆమె వెంటపడ్డాడు, ఎవరికైనా చెబితే చంపుతానని బెదిరించాడు. ఆమె భయపడి తల్లికి చెప్పలేదు. ఇంటిచాకిరీ, పేదరికం, తప్పించుకోలేని ఇల్లు, బెదిరింపు, మౌనం. మన కౌన్సెలింగ్ కేంద్రాలకి వచ్చే కేసుల్లో రోజూ చూసేవి ఇవే. ఆ పిల్ల చెప్పుకోవడానికి ఒక మనిషి ఎందుకు లేకపోయింది, మీలో ఎవరికైనా ఇలా జరిగితే ఎవరి దగ్గరికి వెళ్తారు అని టీచరు అడిగితే చాలు. అదే కథ పిల్లలని కాపాడే పాఠం అవుతుంది. ఆమె క్షమించిందని చెప్పేటప్పుడు నేరస్తుడికి ముప్ఫై ఏళ్ళ శిక్ష పడిందనీ, ఇరవై ఏడేళ్ళు జైల్లో గడిపాడనీ కూడా చెప్పాలి. క్షమించడం ఆమె ఇష్టం, శిక్షించడం సమాజం బాధ్యత. ఈ రెండూ వేరని పిల్లలకి తెలియాలి.

మరియమాత విషయమూ అంతే. పిల్లలకి ఆమెని తలవంచి సరేనన్న విధేయురాలిగానే చూపిస్తారు. లూకా సువార్త మొదటి అధ్యాయంలోనే ఆమె పాడే పాట ఒకటుంది. బలవంతులని గద్దెల మీద నుంచి దించడం, ఆకలిగొన్నవాళ్ళ కడుపు నింపడం, ధనికులని వట్టి చేతులతో పంపడం ఆ పాటలో సంగతులు. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కే లక్షలమంది ఆడకూలీలకి ఈ మరియ దగ్గరిది కాదా?

ఇది బయటివాళ్ళం పెట్టే షరతు కూడా కాదు. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్యే 2010లో స్త్రీ పురుష సమానత్వం మీద ఒక విధానపత్రం ప్రకటించింది. అది ఆరో తరగతి గది దాకా వచ్చిందా అనేదే మన ప్రశ్న.

హాస్టల్లో ఉండే దళిత క్రైస్తవ బాలికకి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఆమెకి ఎస్సీ హోదా లేదు. తిండీ, చదువూ, పడకా అన్నీ ఆ ఆవరణలోనే. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడం పాపమని నేర్చుకున్న పిల్లకి, ఆ పెద్దవాళ్ళలో ఒకడి మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే నోరు పెగలదు. చెబితే సీటు పోతుందనే భయం దానికి తోడు. పోక్సో ప్రకారం తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోవడం నేరం, సంస్థ అధిపతికైతే ఏడాది దాకా శిక్ష. ఈ సంగతి పిల్లకి తెలియాలి, టీచరుకీ తెలియాలి.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర, పిల్లలు దీక్ష దుస్తుల్లో వచ్చిన విషయం మీద ఒక కతోలిక బడిపై గుంపు దాడి చేసింది. మన విమర్శ ఆ గుంపు చేతిలో కర్ర కాకూడదు. మైనారిటీలు తమ విద్యాసంస్థలు నడుపుకునే హక్కు 30వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కుని మనం సమర్థించాలి. సమర్థిస్తున్నాం కాబట్టే లోపలి ఆడపిల్ల హక్కు గురించి అడిగే అర్హత మనకుంది. ప్రభుత్వ బడిలో, కార్పొరేటు బడిలో నీతి పేరిట ఏం చెబుతున్నారని కూడా ఇదే గొంతుతో అడగాలి.

చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పేరెంట్ల మీటింగులో ఆ పీరియడు పుస్తకం చూపించమని తల్లులు అడగాలి. సిస్టర్లలో మనతో కలిసి పనిచేస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళతో కూర్చుని నెలకి ఒక్క క్లాసయినా రెండు గదుల పిల్లలకీ కలిపి శరీరం గురించి, నెలసరి గురించి, పోక్సో గురించి, 1098 ఫోను గురించి చెప్పించాలి. సైన్సు పుస్తకంలోని కౌమార దశ పాఠం దాటవేయకుండా చెప్పాలని పట్టుబట్టాలి. మగపిల్లలని ఆ గదిలోంచి బయటికి పంపకూడదు.

పెద్దల మాట వినడం మంచిదే. ఏ మాట వినకూడదో, అప్పుడు ఎవరి దగ్గరికి పరుగెత్తాలో కూడా పదకొండేళ్ళ పిల్లకి నేర్పే బడి కావాలి. అందుకు కొత్త పీరియడు అక్కర్లేదు. ఉన్న పీరియడు చాలు.