బోర్డు మార్చి పని గుంజుకున్నారు

మూడుచింతలపల్లి ఎప్పుడు పట్నమైంది? అలియాబాద్, ఎల్లంపేట ఎప్పుడయ్యాయి? 2025లో, సర్కారు కాగితం మీద. తూంకుంట, గుండ్లపోచంపల్లి అంతకు కొన్నేళ్ల ముందే మున్సిపాలిటీలయ్యాయి. ఇప్పుడు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో గ్రామ పంచాయతీ అన్నదే లేదు. 2025 డిసెంబరులో 31 జిల్లాలు సర్పంచులను ఎన్నుకుంటుంటే, హైదరాబాద్‌తో పాటు ఈ జిల్లా కూడా చూస్తూ కూర్చుంది.

సర్పంచ్ కుర్చీ పోయిందని బాధపడ్డ నాయకులున్నారు. మరి కూలోళ్ల ఉపాధి హామీ పోయిందని నోరు విప్పిందెవరు?

మన దగ్గర దాన్ని కరువు పని అంటారు. 2005 నాటి చట్టం అది. దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో పని చూపాలి, చూపలేకపోతే భృతి ఇవ్వాలి అని అందులో ఉండేది. కూలి మనిషికి సర్కారును నిలదీసి పని అడిగే హక్కు ఇచ్చిన చట్టం అది. కూలి డబ్బులు ఆలస్యమయ్యేవి, మస్టర్లలో మాయలు జరిగేవి, నిజమే. అయినా ఎండాకాలం పొలం పని లేనప్పుడు ఊళ్లోనే పని దొరికేది. ఆ చట్టం పల్లెలకే వర్తించేది. పంచాయతీ బోర్డు తీసి మున్సిపాలిటీ బోర్డు పెట్టిన నాడే జాబ్ కార్డు చిత్తు కాగితమైంది. ఆ 2005 చట్టం బదులు ఢిల్లీ తెచ్చిన కొత్త చట్టం ఏడాదికి 125 రోజుల పని అంటోంది. అదీ పల్లెలకే!

బోర్డు మారితే మనిషి మారాడా? నాట్లేసే చేతులకు రాత్రికి రాత్రి కంప్యూటర్ వచ్చిందా? ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్ష తోటలు. కాయ కోతకు, కొమ్మ కత్తిరింపుకు మనుషులు కావాల్సొచ్చేది. తోటలు ప్లాట్లయ్యాయి, వెంచర్లయ్యాయి. భూమి అమ్ముకున్నవాడికి ఎంతో కొంత చేతికొచ్చింది. ఆ భూమిలో కూలి చేసినామెకు ఏమొచ్చింది? పొద్దున్నే సద్ది కట్టుకుని అడ్డా మీద నిలబడటం వచ్చింది. మేస్త్రీ వయసు చూసి ఏరుకుంటాడు. యాభై దాటినామె పది గంటల దాకా చూసి ఇంటిదారి పడుతుంది.

పక్కనే కంపెనీలు లేవా అంటారు. ఎందుకు లేవు? కొవాగ్జిన్ పుట్టిన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట పక్కనే ఉంది. దేశంలో కోట్ల మంది ఆ టీకా వేయించుకున్నారు. అయినా గేటు బయటి ఊళ్ల పిల్లలు బీఫార్మసీ చదివి కాంట్రాక్టర్ చుట్టూ తిరుగుతున్నారు. పాతిక మంది, అంతకు పైబడి పనిచేసే ప్రైవేటు సంస్థ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి చెప్పి తీరాలని 1959లో చేసిన చట్టం 2025 దాకా ఉండేది. చెప్పకపోతే శిక్ష ఎంతుండేదో తెలుసా? మొదటిసారి గరిష్ఠంగా 500 రూపాయల జరిమానా! పైగా, చెప్పినా ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే తీసుకోవాలన్న నిబంధన లేదని ఆ చట్టమే రాసిచ్చింది. కోరల్లేని ఆ పామును చూసి ఏ యాజమాన్యం భయపడేది?

ఇక వాగ్దానాలకు కొదవలేదు. 2018లో ఒక పార్టీ నెలకు 3,016 రూపాయల నిరుద్యోగ భృతి అంది, అయిదేళ్లు ఏలి ఒక్క నెలా ఇవ్వలేదు. 2023 మేలో సరూర్‌నగర్ సభలో ఇంకో పార్టీ 4,000 అంది, గద్దెనెక్కాక ఆ మాటే ఎత్తడం మానేసింది. రాజీవ్ యువ వికాసం అనే స్వయం ఉపాధి పథకం కింద 5 లక్షల మందికి 6,000 కోట్లు అన్నారు. 16 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. 2025 జూన్ 2న మంజూరు పత్రాలన్నారు, ఆ తేదీ వాయిదా పడింది. 2024 డిసెంబరులో డీట్ పేరిట డిజిటల్ ఎక్స్ఛేంజి తెరిచారు. బడి మెట్లెక్కని కూలి తల్లి అందులో ఏ రెజ్యూమె పెట్టాలి?

దారి లేక కాదు, మనసు లేకనే ఇదంతా. కేరళ 2010లోనే అయ్యంకాళి పేరుతో పట్నం కూలీలకు ఉపాధి హామీ పెట్టింది. రాజస్థాన్ 2022లో పెట్టింది. ఇక్కడ చెరువు కట్టలు లేవా? పూడిక నిండిన నాలాలు లేవా? చెత్త కుప్పలు లేవా? పని బోలెడుంది, చేసే చేతులున్నాయి. మధ్యలో సంతకం పెట్టాల్సిన చెయ్యే కదలడం లేదు.

మున్సిపాలిటీ అయ్యాక ఇంటి పన్ను వసూలు మాత్రం మరచిపోలేదు. పన్ను దగ్గర పట్నపోళ్లమైనప్పుడు పని దగ్గర ఎవరం? మున్సిపాలిటీల్లో విలీనం చేసిన ప్రతి ఊళ్లో పాత జాబ్ కార్డులను లెక్కతీయండి, పట్నం ఉపాధి హామీకి చట్టం చేయండి, వచ్చే బడ్జెట్‌లోనే పైసలు పెట్టండి. చేతకాదంటే ఆ బోర్డులు పీకి మా పంచాయతీలు మాకివ్వండి. మేమడిగేది దానం కాదు, మా చేతిలోంచి మీరు లాక్కున్న హక్కు.