మన పిల్ల వాయిస్తానంటే మనమెందుకు వణుకుతున్నాం?

పోయిన పక్షం మా గదికి ఒక తండ్రి వచ్చాడు. గోదావరి ఒడ్డున ఊరు. పెండ్లిళ్ళ సీజన్‌లో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. సీజన్ లేనప్పుడు సుతారి పనికి పోతాడు. భార్య బీడీలు చేస్తది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. బిడ్డ పదో తరగతి.

కూసోమంటే కూసోలేదు. నిలబడే అడిగాడు: "సార్, మా బిడ్డ నా క్లారినెట్ ముడుతున్నది. వాళ్ళ అన్న పంపిన ఫోన్ల అమెరికా నల్లోళ్ళ బ్యాండు ఇని, నేను గట్లనే వాయిస్త అంటున్నది. జాజ్ అంటరట దాన్ని. రేపు సాక్సోఫోన్ గావాల్నట. పది అయినంక మా అక్క కొడుక్కు ఇద్దామని మాటనుకున్నం. మీరు సంఘపోళ్ళు, సదువుకున్నోళ్ళు. దాన్ని జర సముదాయించుండ్రి."

సముదాయించాల్సింది ఎవరిని? బిడ్డనా, మనల్నా? ఈ సంచికలో ఆ ముచ్చటే మాట్లాడదలుచుకున్నాం. ఒక్క ఇంటి ముచ్చట సంపాదకీయానికెందుకు అని కొందరు మిత్రులు అడిగారు. మన వాడల్లో ప్రతి ఇంటి ముచ్చటా ఇట్లాగే ఒక్క ఇంటిదిగా మొదలై, ఒక్క ఇంట్లోనే చచ్చిపోతున్నది. అందుకే రాస్తున్నాం.

ముందు మా తప్పు మేం ఒప్పుకుంటాం. ఆ పిల్ల మా దగ్గర చదివే పిల్లే. ఆమె ఈ ముచ్చట మొదట మాతోనే చెప్పింది. "పరీక్షలు దగ్గరపడ్డయి బిడ్డా, ఇవన్నీ తర్వాత" అన్నాం. మా అయ్య కైకిలి చేసి మమ్మల్ని చదివించాడు. ఇంట్లో మొదటి డిగ్రీ మాది. అందుకని పుస్తకం తప్ప వేరే తొవ్వ లేదని మా తలకాయలో గట్టిగా కూసున్నది. పుస్తకం మమ్మల్ని బయట పడేసింది నిజమే. కానీ అదొక్కటే తలుపని పిల్లలకు చెప్పే హక్కు మాకెవరిచ్చారు?

సంఘం మీటింగులో ఈ విషయం పెడితే నాలుగు మాటలు వచ్చాయి. నాలుగింటికీ జవాబు చెప్పాలి.

మొదటి మాట తండ్రిది. "మా తాత ఊరికి డప్పు కొట్టిండు. నేను బ్యాండు వాయిస్తున్న. బరాత్ ముంగట రాత్రంతా ఊదుత, బువ్వకాడ ఆఖరి బంతి. నా బిడ్డ గది పట్టొద్దు." ఈ మాటలో బాధ ఉన్నది, పౌరుషం ఉన్నది. దీన్ని తక్కువ చేసి చూడం. డప్పు మన వాళ్ళ చేతికి కళగా రాలేదు, వెట్టిగా వచ్చింది. దొర ఇంట్లో సావైతే కొట్టాలె, ఊరి పండుగకు కొట్టాలె, చాటింపుకు కొట్టాలె. ఇదే కరీంనగర్ గడ్డ మీద 1978 సెప్టెంబరులో వేలాదిమంది కూలీలు జగిత్యాలకు నడిచి జైత్రయాత్ర చేసింది ఈ వెట్టి మీద కోపంతోనే. బాబాసాహెబ్ కూడా 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ల వంశపారంపర్య ఊరి చాకిరీని సడలించే బిల్లు తెచ్చాడు. పుట్టుకతో మెడకు కట్టిన పనిని విడిచిపెట్టండి అన్నాడు.

కానీ అన్నా, బాబాసాహెబ్ విడిచిపెట్టమన్నది వెట్టిని, విద్యను కాదు. కొట్టకపోతే దండుగ వేస్తామన్నది వెట్టి. నా ఇష్టంతో నేర్చుకుంటా, నేను వాయించాలనుకున్నచోట వాయిస్తా అన్నది స్వేచ్ఛ. వాయిద్యం ఒక్కటే. ఎవరు ఎవరికి హుకుం ఇస్తున్నారన్నదే తేడా. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు అదే డప్పు ఉద్యమ జెండా అయింది. దొర వాకిట్లో వంగి కొట్టిన డప్పును కలెక్టరాఫీసు ముందట నిలబడి కొట్టినం. నీ బిడ్డ అడిగేది కూడా ఆ నిలబడడమే.

రెండో మాట తల్లిది. ఆమె మీటింగుకు రాలేదు. బీడీల చాటలో నుంచి తల ఎత్తకుండా మాతో ఇంటి దగ్గర చెప్పింది: "ఆడిపిల్ల నలుగుట్ల నిలవడి వాయిస్తే ఏమంటరు సారూ? జోగినీ అనరా?" ఈ ప్రశ్నకు మేం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే ఆమె భయం గాలిలో నుంచి రాలేదు. మన ఆడబిడ్డలను దేవుని పేరు చెప్పి ఊరి సొత్తు చేసి, జాతరల ఆడించి, పెద్దకులాల మగోళ్ళ పాలు చేసిన దురాచారం ఈ ఉత్తర తెలంగాణ ఊళ్ళలోనే సాగింది. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. ఆట, పాట, మోత అంటేనే దళిత స్త్రీ ఒళ్ళు అనే లెక్క కట్టిన సమాజం ఇది. తల్లి భయపడుతున్నది వాయిద్యానికి కాదు, ఆ చూపుకు.

అయితే ఆ చూపుకు భయపడి పిల్లను ఇంట్ల కూసోబెడితే గెలిచిందెవరు? పక్క నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ ఉండేది. చిన్నతనం నుంచి చిందు భాగవతం ఆడింది. ఏండ్లకేండ్లు వేషం కట్టింది. 2005లో కన్నుమూసే దాకా ఆమె పేరు చిందు కళకే పేరు. అదే జిల్లా నుంచి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏండ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. తండాల నుంచి ఆడపిల్ల మంచుకొండ ఎక్కుతదని ముందుగాల చెప్తే ఎవరన్నా నమ్మేవాళ్ళా? ఎక్కినంక అందరం దండలు వేసినం. ఎక్కక ముందు పక్కన నిలబడేటోళ్ళు కావాలె. సంఘం ఉన్నది అందుకు.

మూడో మాట మన కార్యకర్తలది. "జాజ్ అమెరికా సంగీతం. సామ్రాజ్యవాద సంస్కృతి. మన బతుకమ్మ లేదా, మన ఒగ్గుకథ లేదా?" ఈ తమ్ముళ్ళు అమెరికా అనగానే తెల్లోడి భవనం చూస్తున్నారు. ఆ భవనం కట్టిన బానిస కనబడుతలేడు.

జాజ్ పుట్టింది నల్లజాతి వాడల్లో. దాని కథ జర వినండి. 1739లో దక్షిణ కరోలినాలో బానిసలు డోళ్ళు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడు, 1740లో, తెల్ల యజమానులు చట్టం చేశారు. బానిసలు డోళ్ళు, కొమ్ములు వాడొద్దని అందులో రాశారు. మనకేమో కొట్టకపోతే దండుగ. వాళ్ళకేమో కొడితే దండన. సంకెల ఒక్కటే, తాళంచెవి వేరు. న్యూ ఆర్లియన్స్ పట్టణంలో మాత్రం ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు కూడి డోళ్ళు కొట్టి ఆడుకునేవారు. 1865లో బానిసత్వం చట్టం ప్రకారం పోయింది, అంటరానితనం పోలేదు. ఆ పట్టణంలోనే నల్లవాళ్ళ బ్యాండు మేళాలు లేచాయి. క్లారినెట్, ట్రంపెట్, ట్రాంబోన్, పెద్ద డ్రమ్ము. మన బరాత్ బ్యాండులో ఏమున్నాయో ఇంచుమించు అవే. సావు ఊరేగింపులో పోయేటప్పుడు నెమ్మదిగా దుఃఖం వాయించి, పూడ్చి వచ్చేటప్పుడు హుషారు పాట అందుకునేవాళ్ళు. మనం దొరల సావుకు వాయించినం. వాళ్ళు తమ మనిషి సావుకు తామే వాయించుకున్నారు. అక్కడి నుంచి జాజ్ లేచింది.

జాజ్ అంటే ఏమిటి? పాట ఒకటి ఉంటది. మొదట అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరు ముందుకొచ్చి, ఆ పాటనే పట్టుకొని, తన మనసులోది అప్పటికప్పుడు కట్టి వినిపిస్తారు. వెనుక ఉన్నోళ్ళు దరువు విడవరు, ఆసరా ఇస్తారు. మళ్ళీ అందరూ కలుస్తారు. ఒక్కరి గొంతు నొక్కకుండా అందరూ కలిసి నడిచే పద్ధతి ఇది. మన సంఘం మీటింగులు ఇట్లా నడిస్తే ఎంత బాగుండు!

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో న్యూ ఆర్లియన్స్ పేదవాడలో పుట్టాడు. 1912 ఆఖరి రాత్రి వీధిలో పిస్తోలు పేల్చాడని పట్టుకొని నల్లపిల్లల సంస్కరణ బడిలో వేశారు. ఆ బడి బ్యాండులో కార్నెట్ మీద గట్టి పునాది పడింది. తర్వాత ప్రపంచమంతా ఆయనను విన్నది. ఆయనను సొంత కాళ్ళ మీద నిలబడమని నూకింది పియానో వాయించే లిల్ హార్డిన్. ఆమె కూడా నల్లజాతి స్త్రీ, పాటలు కట్టిన మనిషి.

ఆడపిల్లల సంగతి అంటారా? 1937లో మిసిసిపీ రాష్ట్రంలో పైనీ వుడ్స్ అనే పేద నల్లపిల్లల బడిలో ఒక బ్యాండు కట్టారు. అందరూ ఆడపిల్లలే. బడికి విరాళాలు పోగుచేయడానికి ఊరూరా తిరిగారు. 'ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్' అని దాని పేరు. 1941లో ఆ అమ్మాయిలు బడి నుంచి విడిపోయి సొంతంగా నడుపుకున్నారు. దక్షిణాదిన హోటళ్ళు వాళ్ళను రానియ్యకపోతే బస్సులోనే తిన్నారు, బస్సులోనే పండుకున్నారు. కొందరు తెల్ల అమ్మాయిలు కూడా చేరితే, పోలీసులు పట్టుకుంటారని మొహాలకు నల్లరంగు పూసుకున్నారు. 1945లో యూరప్ వెళ్ళి నల్లసైనికుల ముందట వాయించారు. హోటల్ తలుపు మూసినోళ్ళ ముందు బస్సు ఆపలేదు వాళ్ళు. ఇది సామ్రాజ్యవాద సంస్కృతా, మన అక్కల కథా?

మనకూ వాళ్ళకూ చుట్టరికం ఇప్పటిది కాదు. ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, నల్లవాళ్ళ బానిసత్వం తీసేయడానికి పాటుబడ్డ అమెరికా ప్రజలకు దాన్ని అంకితం ఇచ్చాడు. బాబాసాహెబ్ 1946లో నల్లజాతి మేధావి డూబాయ్‌కి ఉత్తరం రాశాడు, జవాబు వచ్చింది. బొంబాయి వాడల్లో 1972లో లేచిన దళిత పాంథర్లు పేరు పెట్టుకున్నది నల్ల పాంథర్లను చూసే. పుస్తకం తీసుకున్నం, పేరు తీసుకున్నం. పాట తీసుకుంటే మైలపడుతమా?

ఇంకో ముచ్చట. జాజ్ మన ఊరికి ఎప్పుడో వచ్చింది, మనకు పేరు తెలియలేదు. బొంబాయిలో చిక్ చాకొలెట్ అనే గోవా ట్రంపెట్ కళాకారుడు జాజ్ వాయించేవాడు. సి.రామచంద్ర సినిమా పాటలకు పనిచేశాడు. 1951 నాటి 'అల్బేలా' పాటల హుషారు అట్లా వచ్చిందే. ఆ తీరు హిందీ పాటలనే మన బ్యాండ్లు తరాలుగా బరాత్‌ల వాయించాయి. 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం మన దేశానికి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కూడా వాయించింది. ఆ పిల్ల తండ్రి క్లారినెట్‌లో జాజ్ ముక్క ఎప్పటినుంచో ఉన్నది. బిడ్డ చెవి దాన్ని పట్టింది, అంతే.

ఇక మన దగ్గర వాయిద్యాలకు కరువా? ఆదిలాబాద్ అడవిలో ప్రధాన్‌ల చేతిలో కిక్రి ఉన్నది, పెప్రె ఉన్నది, కాళికొమ్ము ఉన్నది. గోండుల కథలన్నీ ఆ మోతలోనే బతికాయి. బతుకమ్మ కావాలె, ఒగ్గుకథ కావాలె, జాజ్ కూడా కావాలె. ఒకటి వస్తే ఒకటి పోయేంత ఇరుకు ఇల్లు కాదు మనది.

నాలుగో మాట పెద్దమనుషులది. "ముందు భూమి, ముందు ఉద్యోగం. పాట కడుపు నింపుతదా?" భూమి కోసం కొట్లాడుతనే ఉన్నం, ఉద్యోగం కోసం కొట్లాడుతనే ఉంటం. కానీ పెద్దకులాల పిల్ల వీణ నేర్చుకుంటే సంస్కారం, మన పిల్ల క్లారినెట్ పడితే పనికిమాలిన పనా? కడుపు నిండినంకనే మనసు అంటే మన జాతికి మనసు ఎన్నడు రావాలె? బాబాసాహెబ్ చివరి ఏండ్లలో, అన్ని పనుల నడుమ, వయొలిన్ నేర్చుకున్నాడు. రాజ్యాంగం రాసిన చెయ్యికి కమాను బరువు కాలేదు.

ఒట్టి మాటలు చెప్పి పోవడం మా పద్ధతి కాదు. ఏం చేయాలో కూడా రాస్తున్నాం.

ఒకటి, పెండ్లి మాట పక్కన పెట్టాలె. 18 ఏండ్లు నిండక ముందు పెండ్లి 2006 చట్టం ప్రకారం నేరం. నిండినంక కూడా ఆమె ఇష్టమే. అక్కకు మేం వచ్చి చెప్తాం.

రెండు, చదువు ఆగొద్దు. పది పాసై ఇంటర్ చేరాలె. చదువుకు పొద్దున, వాయిద్యానికి సాయంత్రం. ఒకటి చూపించి ఇంకోటి గుంజుకోవద్దు.

మూడు, సాక్సోఫోన్ కోసం అప్పు చేయొద్దు. క్లారినెట్‌కూ సాక్సోఫోన్‌కూ ఒకే తీరు రీడు. సన్నని బద్ద అదిరితే మోత పుడుతది. క్లారినెట్ పట్టినోళ్ళకు సాక్సోఫోన్ దగ్గరి చుట్టం. న్యూ ఆర్లియన్స్ వాడు సిడ్నీ బెషే క్లారినెట్ నుంచే సాక్సోఫోన్‌కు పోయాడు. గురువు ఇంట్లోనే ఉన్నాడు. అన్నా, ముందు నువ్వు నేర్పు.

నాలుగు, స్వరలిపి చదవడం నేర్వాలె. చెవితో పట్టేది మన బలం, కాగితం మీద చదవడం ఇంకో బలం. లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షలు 8 దాకా ఉంటాయి, హైదరాబాద్‌లో రాయొచ్చు. ఫీజు సంగతి సంఘం చూస్తది.

ఐదు, ఆమె వాయించే చోటికి సంఘం ఆడవాళ్ళు ఇద్దరు వెంట పోవాలె. వచ్చిన పైస ఆమె పేరు మీదనే బ్యాంకులో పడాలె. ఆమె బువ్వ తినేది మొదటి బంతిలోనే. ఇది కాదన్నచోట వాయించేది లేదు.

పోయిన ఆదివారం వాళ్ళ ఇంటికి పోయాం. బిడ్డ చేతికి తండ్రి క్లారినెట్ ఇచ్చాడు. మొదట రెండు మూడుసార్లు కీచుమన్నది. తర్వాత బరాత్ పాటే ఒకటి ఎత్తుకొని, సగంలో విడిచిపెట్టి, తన తొవ్వలో తాను పోయింది. తండ్రి బయటికి చూస్తున్నట్టు కూసున్నాడు గాని, చెయ్యి మోకాలు మీద దరువు వేస్తున్నది. తల్లి చేతిలో తునికాకు ఆగిపోయింది. "ఇది మన పాటేనా బిడ్డా?" అని అడిగింది. "మన పాటనే అవ్వా, నేను వాయించినట్టు" అన్నది పిల్ల.

ఇంతకంటే పెద్ద జవాబు మా దగ్గర లేదు.

వచ్చే ఏప్రిల్ 14న అంబేడ్కర్ విగ్రహం దగ్గర మన సభలో మొదటి పాట ఆమెది. ఉపన్యాసాలు తర్వాత. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల సంఘాలన్నీ రావాలె. వచ్చేటప్పుడు మీ వాడలో ఏ పిల్ల ఏ వాయిద్యం కోసం మనసులో కొట్టుకుంటున్నదో అడిగి తెలుసుకొని, ఆమెను వెంటబెట్టుకొని రావాలె.

జై భీమ్.