గుడ్డి దీపం, నిండు పాతర



పూర్వం మన పల్నాటి పల్లెల్లో జొన్నలను నేలలో పాతర వేసి దాచేవారు. ఇల్లు చూడబోతే పూరిపాక, లోపల గుడ్డి దీపం. వాకిట్లో మాత్రం పాతర నిండా జొన్నలు! దీపాన్ని చూసి ఇంటి కలిమిని లెక్క కట్టరాదు గదా?

ఆకాశంలో కూడా ఇటువంటి ఇళ్ళున్నవి. నక్షత్రాల మహా సముదాయాన్ని గెలాక్సీ అంటారు. మన సూర్యుడున్న గెలాక్సీ పాలపుంత. ఊళ్ళో ఇళ్ళవలె గెలాక్సీలు కూడా గుంపులుగా ఉంటవి. ఈ గుంపుల్లో పెద్దవాటితోబాటు మరుగుజ్జు గెలాక్సీలు ఉంటవి. వాటిలో కొన్నింటికి నక్షత్రాలు బహు తక్కువ. అందుచేత పెద్ద దూరదర్శినిలో సైతం మసక మరకలవలె కనబడతవి. కాని నక్షత్రాలకు ముడిసరుకైన హైడ్రోజన్ వాయువు వాటిలో పుష్కలంగా ఉంటుంది.

కంటికి కనబడని వాయువు ఎలా దొరుకుతుంది? హైడ్రోజన్ పరమాణువు ఎప్పుడో ఒకసారి 21 సెంటీమీటర్ల పొడవుగల రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. మీరు వాడే ఏ-ఫోర్ కాగితం వెడల్పు సరిగ్గా ఇంతే! ఒక్క పరమాణువు ఇలా పలకడానికి సగటున కోటి సంవత్సరాలు పడుతుంది. అయితే పరమాణువులు లెక్కకు మించి ఉన్నవి కనుక ఆ పలుకు ఎన్నడూ ఆగదు. ఇటువంటి తరంగం ఉండాలని 1944లో హాలెండు శాస్త్రజ్ఞుడు వాన్ డి హల్స్ట్ చెప్పాడు. 1951లో అమెరికాలో యూయెన్, పర్సెల్ దానిని పట్టుకున్నారు.

ఆ పలుకు వినే చెవులు మన దేశంలోనూ ఉన్నవి. పూణె జిల్లా ఖోడద్ గ్రామ ప్రాంతంలో, గోవింద్ స్వరూప్ గారి నాయకత్వాన, 45 మీటర్ల వెడల్పుగల పళ్ళేలు 30 నిలబెట్టారు. సుమారు 25 కిలోమీటర్ల మేర పరచుకున్న ఈ పళ్ళేలన్నీ కలిసి ఒకే చెవివలె పనిచేస్తవి.

ఆయేషా బేగం, జయరాం చెంగలూర్, రష్యా శాస్త్రజ్ఞుడు కరచెంత్సెవ్ ఈ పళ్ళేలతో ఎన్.జి.సి. 3741 అనే మరుగుజ్జు గెలాక్సీని పరిశీలించి, 2005లో ఫలితం ప్రకటించారు. అది మనకు సుమారు కోటి కాంతి సంవత్సరాల దూరాన ఉన్నది. దాని నక్షత్రాలు కనబడే మేరకు 8 రెట్లు మించి వాయువు వ్యాపించి ఉన్నది! తరువాత అటువంటి మసక గెలాక్సీలను 60కి పైగా పరిశీలించారు.

ఇందువల్ల ప్రయోజనమేమిటి? ఒడిసెలలో రాయిని ఎంత వేగంగా తిప్పితే తాడు అంత గట్టిగా పట్టి ఉంచాలి. ఆ గెలాక్సీ అంచున వాయువు తిరిగే వేగం చూస్తే, నక్షత్రాలు, వాయువు కలిసినా దానిని పట్టి ఉంచే బలం చాలదు. అక్కడ కనబడని పదార్థం మరెంతో ఉండాలి. దానిని కృష్ణ పదార్థం అంటారు. అది ఏమిటో ఇంతవరకు ఏ శాస్త్రజ్ఞుడూ తేల్చలేదు.

వేసవి రాత్రి ఉత్తరాన సప్తర్షి మండలాన్ని చూడండి. ఎన్.జి.సి. 3741 ఆ దిక్కునే ఉన్నది. కంటికి కనబడదు, అంతమాత్రాన అక్కడ ఏమీ లేదనుకోకండి!