యంత్ర స్వరాజ్యము

మేడ్చలు రైలుస్టేషనులో కొంతసేపు నిలిచినవారికి రెండు చప్పుళ్లు వినవచ్చును. ఒకటి 2023 ఏప్రిలు నుండి అచ్చటికి వచ్చుచున్న విద్యుత్తు లోకలుబండిది. రెండవది పడమట దుండిగల్లు వైమానిక విద్యాలయము నుండి లేచు శిక్షణ విమానములది. హకీంపేట మీదుగా శామీరుపేటకు పోవువారికి ఈ రెండవది నిత్యపరిచితము. ఆ విమానములను నడపు ఇంజనులు ఎవరివని మన పాఠకులలో ఎందఱు విచారించిరో ఎఱుగము. విచారింపవలసిన కాలము వచ్చినది.

దుండిగల్లులో ఏండ్ల తరబడి మన యువకులు తొలిపాఠములు నేర్చిన 'దీపక్' విమానము బెంగుళూరున మనవారు రూపొందించినదే. దాని ఇంజను అమెరికా లైకమింగు వారిది. 2009 జూలైలో ఒకటి కూలి ఇద్దఱు చోదకులు అసువులు బాసిన పిమ్మట ఆ తరగతి విమానములనే విరమించిరి. తరువాత వచ్చిన పిలాటస్ స్విట్జర్లాండుది, దాని ఇంజను కెనడాది. దానికి తోడుగా మనము నిర్మించిన హెచ్.టి.టి.-40 కి సయితము అమెరికా హనీవెల్ ఇంజనే. హకీంపేటలో యువకులు నడపిన 'కిరణ్'కు అమర్చినది ఆంగ్లేయుల నమూనా. దేహము మనది, గుండె పరులది. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు నగలను గూర్చి చెప్పిరి గాని, ఆ మాట దేశరక్షణకును సరిపోవుచున్నది.

కోరాపుట్టులో మనమే ఇంజనులు చేయుటలేదా యని కొందఱందురు. చేయుచున్నాము. ఉత్తరాంధ్ర పొలిమేరకు చేరువనున్న ఆ కర్మాగారమున మిగ్ విమానముల ఇంజనులు ఎన్నియో తయారైనవి. ఆ పనివారి నేర్పు చిన్నది గాదు. కాని అది లైసెన్సు పని. దస్తావేజులు చదువుట వృత్తిగా గల మాకు ఇందు సందేహము లేదు: కౌలుకాగితమును క్రయపత్రముగా చదువరాదు. కౌలుదారు దున్నవచ్చును, పండింపవచ్చును. హద్దురాయి కదల్ప వలనుపడదు. ఈ లోహమునే ఏల ఎన్నుకొనిరి, రెక్క నింతయే ఏల వంచిరి అను కారణము పటములతో పాటు రాదు.

రైలుఇంజనుల చరిత్ర చూడుడు. 1964 జనవరిలో వారణాసి కర్మాగారము నుండి మొదటి డీజిలు ఇంజను వెలువడెను. నమూనా అమెరికా ఆల్కో సంస్థది. మౌలాలి, కాజీపేట షెడ్లలో మన మెకానిక్కులు దానిని ఎముకయెముకగా ఎఱిగిరి. లక్నో పరిశోధకులు దాని చమురుఖర్చు తగ్గించిరి. అయినను అంతకంటె శక్తిగలది కావలసివచ్చినపుడు, మూడు దశాబ్దముల అనుభవము చేతనుండగా, 1995లో మరల అమెరికా జనరల్ మోటార్సు వాకిటనే నిలిచితిమి. తరువాత విద్యుత్తు వచ్చెను. 2020లో వారణాసి కర్మాగారపు పేరులోనుండి 'డీజిలు' మాటయే తొలగెను. ఆ విద్యుత్తు తీగ మన కొఱతను కప్పివేసినది. ఆకాశమున తీగ లాగుట సాధ్యము గాదు.

1961లో తొలిసారి ఎగిరిన 'మారుత్' యుద్ధవిమానము ధ్వనివేగమును మించుటకు ఉద్దేశించినది. అందుకు తగిన ఇంజనుకై ఇంగ్లండు సంస్థ అభివృద్ధివ్యయము కోరగా మన ప్రభుత్వము ఈయదయ్యెను. మారుత్ చాలని శక్తితోనే కాలము గడపెను. 1989లో కావేరి ఇంజనునకు అనుమతి యిచ్చిరి. దానిని విమానమున కట్టి మింట పరీక్షించుటకు 2010లో రష్యాకు గొనిపోవలసివచ్చెను. తేజస్ విమానమునకు అది అందిరాలేదు. అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ సంస్థతో 2021లో 99 ఇంజనులకు ఒప్పందము జరుగగా, మొదటిది 2025 మార్చిలో గాని అప్పగింపబడలేదు. అంతదాక కొత్త తేజస్సులు నేలమీద ఎదురుచూచినవి.

ఇట్లని చేతులు ముడుచుకొననక్కఱలేదు. మన హైదరాబాదులోనే, కంచన్‌బాగున, రక్షణ లోహపరిశోధనాలయమువారు ఈ కౌలునుండి వెలువడు త్రోవ తీయుచున్నారు. యుద్ధవిమానపు ఇంజనులో మండు వాయువుల వేడిమి, టర్బైను రెక్కయొక్క లోహము కరగు వేడిమిని మించును. రెక్క లోపలి సన్నని దారులలో గాలి పాఱించి దానిని కాపాడుదురు. సామాన్యపు పోతలో లోహము రేణువులు రేణువులుగా గట్టిపడును. ఎడతెగని వేడికిని లాగుడుకును ఆ రేణువుల అతుకులయొద్దనే సాగి చిట్లును. కావున రెక్కనంతయు అతుకులేని ఒకే స్ఫటికముగా పోయుదురు. కొలదిదేశములకే తెలిసిన ఈ విద్యతో 2021 ఏప్రిలున వారు హెలికాప్టరు ఇంజనునకు 60 రెక్కలు అప్పగించిరి. మఱుసటి నెలలో, 2000 టన్నుల బలముతో ఒత్తు యంత్రముపై టైటానియము చక్రములను తీర్చు పద్ధతి సిద్ధమైనదని ప్రకటించి, ఆ విద్యను మిధాని కర్మాగారమున కిచ్చిరి.

శంషాబాదులో 2025 నవంబరున ఫ్రెంచి సాఫ్రాన్ సంస్థవారి ఇంజనుల మరమ్మతుశాల తెఱచినపుడు పత్రికలు పండుగ చేసినవి. మేమును స్వాగతింతుము; పని దొరకు యువకుల సంతోషమునకు అడ్డుపడుట మాకిష్టము గాదు. కాని మరమ్మతు వేఱు, సృష్టి వేఱు. అదే సంస్థతో కలసి కొత్త యుద్ధవిమానపు ఇంజను నిర్మింతుమని ప్రభుత్వము 2025లో చెప్పినది. ఆ పత్రమున రూపకల్పన హక్కు ఎవరి పేరనుండును? రెక్కలు ఎచ్చట పోయుదురు? మన ఇంజనును మింట పరీక్షించుటకు స్వంతవిమానము ఎన్నడు సమకూరును? మల్కాజిగిరి సభ్యులు ఈ మూడు ప్రశ్నలను పార్లమెంటున అడుగవలయును. కంచన్‌బాగునకు వట్టి ప్రశంస గాక ఏటేట చేయదగు ఆర్డరు కావలయునని కూడ చెప్పవలయును. మేడ్చలు, శామీరుపేట పఠనమందిరములవారు వీనిని ఒక మహజరుగా వ్రాసి, సంతకములు సేకరించి, వచ్చు సమావేశములకు ముందే పంపుదురుగాక.