కారు కాదు, చెక్కు ఇవ్వండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇండియాకు వచ్చేసేటప్పుడు ఆఖరి వారంలో తేలే పెద్ద బెడద కారు. ఇంటి తాళాలు ఓనరుకు అప్పగిస్తారు, సామాను తెలిసినవాళ్ళకు పంచేస్తారు, కారు మిగిలిపోతుంది. ఉద్యోగం పోయి, హెచ్-1బీ వాళ్ళకిచ్చే 60 రోజుల గడువులో అన్నీ సర్దుకోవాల్సి వస్తే ఆ తొందర చెప్పనక్కర్లేదు. అందులోనూ మోజుపడి కొన్న బెంజో, బీఎండబ్ల్యూనో అయితే డీలర్ చెప్పే ధర విని మనసు చివుక్కుమంటుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "ఛారిటీకి ఇచ్చేయండి. వాళ్ళే వచ్చి తీసుకుపోతారు, ట్యాక్సులో కూడా కలిసొస్తుంది."

వాళ్ళే వచ్చి తీసుకుపోతారన్నది నిజం. ట్యాక్సులో కలిసిరావడం చాలామంది విషయంలో నిజం కాదు. ఆ కారు వల్ల ఎవరికి ఎంత మేలు జరిగిందన్నది మాత్రం అడిగేవాళ్ళు తక్కువ.

పన్ను సంగతి ముందు చూద్దాం. 2004 దాకా కారు దానం చేసినవాళ్ళు బజారు విలువ ఎంతో తామే లెక్కగట్టి రాసుకునేవారు. అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జీఏఓ 2003లో ఇచ్చిన నివేదికలో, దానంగా వచ్చిన 54 కార్లు చివరికి ఎంతకు అమ్ముడుపోయాయో ఆరా తీసింది. దాదాపు మూడింట రెండు వంతుల కార్ల విషయంలో, దాత చూపించుకున్న విలువలో ఛారిటీకి చేరింది 5 శాతమో, అంతకన్నా తక్కువో! ఆ మరుసటి ఏడాదే చట్టం మార్చారు. 2005 నుంచి, ఛారిటీ కారును అమ్మేస్తే, విలువ 500 డాలర్లు దాటిన చోట దాతకు దక్కే డిడక్షన్ అమ్మిన ధర వరకే. ఆ ధర ఎంతో ఛారిటీ 30 రోజుల్లోగా 1098-సీ ఫారంలో రాసి పంపాలి. బజారు విలువ మొత్తం చూపించుకోవాలంటే సంస్థ ఆ కారును తన పనికే గట్టిగా వాడుకోవాలి, లేదా పెద్ద మరమ్మతు చేయించాలి, లేదా పేదవాళ్ళకు ఉచితంగానో బాగా తక్కువకో ఇవ్వాలి.

ఇంతా చేస్తే ఆ డిడక్షన్ అక్కరకొచ్చేది ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్ళకే. 2025 ఆదాయానికి భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. అద్దె ఇంట్లో ఉండే కుటుంబం ఖర్చులు ఆ గీత దాటడం అరుదు. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకు కూడా విరాళాల మీద మినహాయింపు పెట్టారు, జంటకు 2,000 డాలర్ల దాకా. అది డబ్బుగా ఇచ్చినదానికే. కారుకు లేదు.

ఇక కారు దగ్గరికి వద్దాం. పన్నెండేళ్ళ కిందటి బెంజ్ అనుకోండి. ఎయిర్ సస్పెన్షన్ లీకై, రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి ముందువైపు టైర్ల మీదికి కుంగి ఉంటుంది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ కాసేపు గుర్రుమని దాన్ని మళ్ళీ పైకి లేపుతుంది. లోపల తోలు సీట్లు, చెక్క పలకలు ఇంకా నిగనిగలాడుతూనే ఉంటాయి. ఒకవైపు స్ట్రట్ మార్చడానికే బిల్లు వెయ్యి డాలర్లు దాటొచ్చు. పెట్రోలు కూడా ప్రీమియమే పొయ్యాలి. పిల్లల్ని డే కేర్‌లో దింపి గోదాములో పనికి వెళ్ళే తల్లికి ఇలాంటి కారు ఇస్తే మొదటి రిపేరుకే ఆమె నెల జీతానికి గండి పడుతుంది. ఆమెకు కావాల్సింది సాఫీగా నడిచే పాత కరోలా.

అలాంటి కార్లు ఇచ్చే సంస్థలున్నాయి, వాటి మీద నాకు ఎంతో గౌరవం. వర్మాంట్‌లో 1996లో మొదలైన గుడ్ న్యూస్ గ్యారేజ్ దానంగా వచ్చిన కార్లను బాగుచేసి, పనికి వెళ్ళే దారి లేని కుటుంబాలకు అందిస్తుంది. మేరీల్యాండ్‌లోని వెహికల్స్ ఫర్ చేంజ్ ఆ పని చేస్తూనే జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళకు మెకానిక్ పని నేర్పుతుంది. బస్సు తిరగని ఊళ్ళో కారంటే ఉద్యోగమే. మీ దగ్గరున్నది టయోటానో హోండానో అయితే, ఇలాంటి సంస్థకు సంతోషంగా ఇవ్వండి.

ఖరీదైన సెడాన్ మాత్రం ఎవరికిచ్చినా చాలావరకు చేరేది వేలానికే. అక్కడ కొనేవాళ్ళు డీలర్లు, మళ్ళీ లాభానికి అమ్ముకోవాలి కాబట్టి తక్కువకే పాడతారు. మీరు జాగ్రత్తగా దాచిన సర్వీసు రసీదులు అక్కడ అడిగేవాళ్ళుండరు. వచ్చిన డబ్బులోంచి టో ట్రక్కు ఖర్చు, వేలం కమిషను, మధ్యలో వ్యవహారం నడిపే కంపెనీ వాటా పోగా మిగిలింది ఛారిటీది. మీరే అమ్మితే తొమ్మిది వేల డాలర్లు పలికే కారు వేలంలో ఆరు వేలకు పోయిందనుకుందాం. మూడు వేలు గాల్లో కలిశాయి, ఆరులోనూ కోత పడింది. ఆ నష్టం మీది కాదు, ఛారిటీ ఆదుకోవాల్సిన మనిషిది.

ఆ మిగిలింది ఏ పనికి వెళ్తుందో కూడా చూడాలి. రేడియో పాటతో దేశమంతా తెలిసిన కార్స్4కిడ్స్ గురించి మినెసోటా అటార్నీ జనరల్ 2017లో నివేదిక ఇచ్చారు. ఆ రాష్ట్రంలో సేకరించిన నిధుల్లో అక్కడి పిల్లలకు చేరింది ఒక్క శాతం కూడా లేదని అందులో తేల్చారు. కారిచ్చినవాళ్ళలో ఎంతమంది అది తెలిసి ఇచ్చి ఉంటారు?

పాలుడిగిన ఆవుల్ని తండ్రి దానమిస్తుంటే నచికేతుడు చూస్తూ ఊరుకోలేకపోయాడు. వదిలించుకోవడం దానమవుతుందా అన్న ఆ పిల్లవాడి వేదన ఇవాళ మన డ్రైవ్‌వేల్లో నిలబడ్డ బళ్ళకూ వర్తిస్తుందని నేను నమ్ముతాను.

ఇండియాలో ఆశ్రమానికో అనాథాశ్రమానికో పాత కారు ఇచ్చేవాళ్ళకూ ఒక మాట. ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు డబ్బు విరాళానికే, వస్తువుకు రాదు. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి, ఆర్సీ వాళ్ళ పేరు మీదికి మారేదాకా వెంటపడండి. ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అమెరికాలోనూ టైటిల్ బదిలీ అంతే ముఖ్యం. కాలిఫోర్నియాలో అయితే బండి చేతులు మారిన 5 రోజుల్లో అక్కడి వాహనాల శాఖ డీఎంవీకి తెలియజేయాలి.

బండి కదలని స్థితిలో ఉంటే, ఎల్లుండే విమానమైతే, కారే ఇవ్వండి, తప్పు లేదు. ఇచ్చే ముందు అమ్మిన ధరలో మీకు చేరేది ఎంత అని ఆ సంస్థను అడగండి, సూటిగా జవాబు రాకపోతే ఇంకో సంస్థను చూసుకోండి. నడిచే కారైతే, టికెట్లు బుక్ చేసిన రోజే అమ్మకానికి పెట్టండి. వచ్చిన డబ్బులో ఎంత ఇవ్వదలచుకుంటే అంతకు మీరు నమ్మిన సంస్థ పేరు మీద చెక్కు రాసి, ఆ తర్వాతే విమానం ఎక్కండి.