నక్షత్రము కట్టు చేతులు

పిల్లలు ఎదిగిన యింట క్రిస్మస్ చప్పబడునని పెద్దలు తరచుగా అనుచుందురు. 2022 వరకు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతములుగా నుండి, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామలలోని మా క్రైస్తవ మిత్రుల యిండ్లను తలచుకొనినచో ఆ మాట వట్టి అబద్ధమని చెప్పజాలము.

డిసెంబరు రాగానే వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితములంటించి, లోపల బల్బు అమర్చి, నక్షత్రమును వాకిట వ్రేలాడగట్టుట ఆ యింటి పిల్లల పని. తల్లి అరిసెల పాకము పట్టుచుండగా నువ్వుల పళ్లెము ముందర కూర్చుండువారును వారే. క్రొత్త బట్టలకై దర్జీ యింటికి పదిమార్లు తిరుగువారును వారే. రాత్రివేళ పాటల బృందము వచ్చి వాకిట నిలుచువరకు వారికి నిద్ర పట్టదు.

ఆ పిల్లలు ఇంటర్మీడియట్ చదువునకై విజయవాడకో, హైదరాబాదుకో పోయి వసతిగృహములలో చేరుదురు. అటుపిమ్మట నక్షత్రము బజారునుండి వచ్చును. అది ప్లాస్టిక్కుది, పాపము, దానికి జిగురు సైతము అక్కరలేదు. "పిల్లలే లేరు, అరిసెలెవరికి?" అని తల్లి అనును. 24వ తేదీ రాత్రి బస్సు దిగి మరునాటి సాయంత్రమే తిరిగి బస్సెక్కు కుమారుడు సొంత యింటికి చుట్టమై పోవుచున్నాడు.

ఇది వయస్సు తెచ్చిన మార్పని పెద్దలందురు. మేము ఒప్పుకొనము. పదేండ్లవానికి నువ్వుల పళ్లెమునిచ్చిన యిల్లు, పదునెనిమిదేండ్లవానికి పాకపు గరిటెను ఇచ్చుటలేదు. క్రొత్త చొక్కా తొడిగి కుర్చీలో కూర్చుండబెట్టుచున్నది. వాడు సెల్‌ఫోను చూడక మరేమి చేయును? కుమార్తె విషయము వేరు. ఆమెకు పని మాత్రమే మిగులును, పాటల బృందముతో పోవుటకు అనుమతి దొరకదు. ఇదియు మార్చుకొనవలసినదే.

ఆచారము మార్చరాదనువారికి ఒక మాట. చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరుకు వచ్చినది 1841లో. అరిసె వారి ఓడలో రాలేదు! సంక్రాంతి పిండివంటను క్రిస్మస్ పళ్లెములో పెట్టినవారు ఇచ్చటి తల్లులే.

మాలో పలువురము ఆ పళ్లెమును అందుకొనిన ముసల్మానులము. రంజాను పండుగనాడు మా యిండ్లనుండి షీర్ ఖుర్మా గిన్నె ఆ యింటికే పోవును. పళ్లెమును తెచ్చు పిల్లలును, గిన్నెను మోయు పిల్లలును నేడు ఒకే వసతిగృహములో నున్నారు. ఇక పొరుగువారి గడప ఎవరు త్రొక్కుదురు?

కనుక కళాశాల కమిటీవారికి మా మనవి. రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును; నెలవంక కనబడువరకు పండుగ తేలదు. క్రిస్మస్‌కు ఆ చిక్కు లేదు. అయినను డిసెంబరు 26న పరీక్ష పెట్టిన విద్యాలయములను మాలో కొందరము ఎరుగుదుము. మన కళాశాలలో 23 మొదలు 27 వరకును, ఈద్‌కు ముందు వెనుకల రెండేసి దినములును పరీక్షలు లేకుండ చూడగోరుచున్నాము. అరిసెల బియ్యము ఒక రాత్రియైనను నానవలెను. దంచువేళకైనను పిల్లవాడు ఇల్లు చేరవలెను గదా!