ఏళ్ళ లెక్క, చదువు లెక్క

పదో తరగతి తరువాత మూడేళ్ళు పాలిటెక్నిక్ చదివినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారు. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ మొదటి ఏడు కలిపినా మూడేళ్ళే కనుక లెక్క సరిపోయిందంటారు. నాకది సరిపోయినట్లు తోచదు. డిప్లొమాలో చదివిన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌ను మెకానికల్ విద్యార్థి బీటెక్‌లో మళ్ళీ చదవవలసిందే. ఏళ్ళను గణించారు గానీ విద్యను గణించలేదు.

2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు ఆర్జించిన క్రెడిట్లకు గరిష్ఠంగా ఏడేళ్ళ ఆయుష్షు ఇచ్చాయి. విశాఖ ఉక్కు కర్మాగారంలోనో, ఓడరేవులోనో పదేళ్ళు పనిచేసి పైచదువు తలపెట్టే డిప్లొమాదారుకు ఆ కొలత ఏం మేలు చేస్తుంది? చేతికి పని తెలిసేకొద్దీ పాఠం పదునెక్కుతుంది. గడువు చూడక, పరీక్ష పెట్టి, తెలిసిన పాఠాన్ని మినహాయించడమే న్యాయం. మీరేమంటారు?